లేని గోడ చుట్టూ

మా రాండువెతన్ వీధుల్లో బట్టలుతికే రాళ్ళు ఎనిమిదున్నాయి. నల్లరాయి, మోకాలెత్తు. పైన నడిమధ్యన చదరంగా ఒక గుంట. ఆ గుంటలో సబ్బు పెట్టుకుంటాం. సబ్బు జారిపోకుండా ఎవరో తెలివైనవాళ్ళు అలా తొలిపించారని మా ఆడవాళ్ళు అంటారు. నేను కాదనలేదు. యాభై ఎనిమిదేళ్ళు కాదనలేదు.

నదీఫా నా మనవరాలు. దానికి మూడేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి వియోనో, నా కొడుకు, సురబాయ రేవులో కాపలా పని చేస్తాడు. వారానికి రెండు రోజులు ఇంట్లో కనపడతాడు. పిల్ల నా చేతుల మీదే పెరిగింది. ఆ ఏడు దాని ఆరో తరగతి అయిపోతోంది. ఆపైన సర్కారు బడిలో చేరాలంటే మార్కులు చూడరు, మీటర్లు చూస్తారు. బడికి ఎవరి ఇల్లు దగ్గరైతే వాళ్ళకి సీటు. డచ్చివాళ్ళు తమ పిల్లల కోసం ఊరి నడుమ ఎక్కడ బడులు కట్టుకున్నారో, ఇప్పటికీ పెద్ద బడులన్నీ అక్కడే ఉన్నాయి. ఉప్పుమడుల మీద లేచిన మా బస్తీల వైపు ఒక్కటీ రాలేదు. మా ఇంటి నుంచి దగ్గరి బడికి రెండువేల ఏడువందల మీటర్లు. కిందటేడు సీట్లు పద్నాలుగువందల మీటర్ల దగ్గర అయిపోయాయి. మా వీధుల నుంచి పదకొండు మంది పిల్లలు అడిగితే ఒక్కరికీ రాలేదు.

"ఒకటే దారి ఎంబా," అన్నాడు జుమైన్. మా సందు చివర తోపుడు బండి మీద నత్తల పులుసు అమ్ముతాడు. మా ఊళ్ళో అవ్వని ఎంబా అంటారు. "మన ఇళ్ళు నా బండి మీద పెట్టి తోసుకెళ్ళి ఆ బడి గేటు ముందు దింపేద్దాం. మీ ఇల్లు మాత్రం రెండు సార్లు తోయాలి. సగం దూరం పోయాక తాళం వేశానో లేదోనని వెనక్కి తిప్పమంటారు."

నవ్వాను గాని నాకు నవ్వు రాలేదు. సీటు రాకపోతే నదీఫాని పక్క ఊరు సిడోఆర్జో పంపిస్తానని వియోనో అప్పటికే అన్నాడు. అక్కడ దాని పెద్దమ్మ ఇల్లు బడి గోడకి ఆనుకునే ఉంది. ఆమెకి ముగ్గురు చిన్నపిల్లలు. వాళ్ళని చూసుకుంటూ చదువుకుంటుందట. కుటుంబ కార్డులో నా పేరు కింద నుంచి దాని పేరు తీసేసి ఆమె కింద రాయించాలి. అంతే కదా అన్నాడు. మనుషులు వెళ్ళిపోయే ముందు ఎప్పుడూ అంతే కదా అనే అంటారు.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున హప్సారి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. ఆ వయసు ఆడపిల్లని మా ఊళ్ళో నింగ్ అంటారు. యూనివర్సిటీలో పని. చంకలో పొడుగాటి గొట్టం, దాన్నిండా మ్యాపులు. ఆ వేళ మైదానంలో గువ్వల కూతల పందెం జరుగుతోంది. ఎత్తైన గడల చివర పంజరాలు వేలాడుతున్నాయి, కింద మగవాళ్ళు చెవులు రిక్కించి కూర్చున్నారు. గట్టిగా మాట్లాడితే గువ్వ కూత ఆపేస్తుంది.

"పాతకాలం మనిషి కావాలా నింగ్?" జుమైన్ గుసగుసగా ఆ అమ్మాయితో అన్నాడు. "అదుగో, మా ఎంబా వార్సినీ. ఈ చుట్టుపక్కల ఆవిడ కంటే పాతది ఆవిడ తాళం ఒక్కటే."

"నీ నోట్లో నీ నత్తలే పడ!" అన్నాను. పంజరాల కింద నుంచి నలుగురు నన్ను ఉష్‌ష్ అన్నారు.

హప్సారి మా అరుగు మీద ఒక పాత మ్యాపు పరిచి, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం వేసింది. పాత ఊరి మీద ఇప్పటి వీధులు గీతలు గీతలుగా పడ్డాయి.

"ఈ ఊళ్ళో మొదటి నుంచి సర్కారు బడులు ఎక్కడెక్కడ ఉండేవో అన్నీ గుర్తు పెడుతున్నాం ఎంబా. నూట అరవై దాకా దొరికాయి. పంతొమ్మిదివందల యాభై ఎనిమిదో సంవత్సరం మ్యాపులో మీ వైపు ముక్క చెదలు తినేసింది. ఇంకో జాబితాలో మాత్రం 'రాండువెతన్, ఆరు తరగతులు' అని ఒక్క ముక్క ఉంది. ఎక్కడుండేదో లేదు."

"దేనికిదంతా?" అన్నాను.

"ఈ పక్కన రెండు కొత్త బడులు కడతారు. నాలుగు స్థలాలు చూస్తున్నారు. అందులో మీ మైదానం ఒకటి. దీన్నే గిడ్డంగులకి ఇమ్మని ఒక కంపెనీవాళ్ళూ అడుగుతున్నారు. ఒకప్పుడు సర్కారు బడి ఉన్న నేల అని తేలితే బడికే ఇవ్వాలని రూలు. చూసినవాళ్ళు ఒక్కరు చెప్పి సంతకం పెట్టినా చాలు. ఈ నెల ఇరవై ఎనిమిది దాకా టైముంది. ఉండేదా ఎంబా, బడి?"

"లేదు," అన్నాను.

నదీఫా గుమ్మంలో కూర్చుని వేరుసెనక్కాయలు వలుస్తోంది. వలవడం ఆపి నా వైపు చూసింది.

"ఉత్త ఇసుక. పిల్లలు గాలిపటాలు ఎగరేసేవాళ్ళు," అన్నాను.

హప్సారి వాదించలేదు. "మ్యాపు చూపించి అడిగితే పెద్దవాళ్ళు తికమక పడతారు. అందుకే నేను నడిపిస్తాను. మీ చిన్నప్పుడు చేదబావి దగ్గర నుంచి కాలవగట్టుకి ఎలా వెళ్ళేవారో అలా నడవండి, చాలు," అంది.

నడవడంలో ఏముందిలే అనుకున్నాను. బావి దగ్గర నుంచి బయల్దేరాను. పంజరాల మధ్య నుంచి, ఎండిన గడ్డిలో, కాలవ వైపు. ఆ అమ్మాయి వెనకే వస్తోంది. మైదానం నడుమకి వచ్చాక నేను ఎడమకి తిరిగాను. కొంతదూరం పోయి కుడికి తిరిగాను, మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి. కాలవ చేరాను.

"ఎంబా," అంది మెల్లిగా. "నేరుగా రాకుండా ఎందుకు తిరిగారు? అక్కడేం లేదు కదా."

వెనక్కి చూశాను. గడ్డి మధ్య దుమ్ములో నా చెప్పుల గుర్తులు ఒక పెద్ద పెట్టె మూడువైపులా గీసినట్టు ఉన్నాయి.

"ముళ్ళున్నాయి," అన్నాను.

ఆమె కాగితం తీసింది. అందులో గళ్ళు. నేను చదవగలను, ముప్ఫై ఏళ్ళప్పుడు వేరుసెనగ పొట్లాల కాగితాలు చూసి నాకు నేను నేర్చుకున్న చదువు. బడి ఉండేదా. ఏ ఏటి నుంచి ఏ ఏటి వరకు. మూతపడడానికి కారణం. హెడ్మాస్టరు పేరు. చెప్పేవారికి ఆయన ఏమవుతారు.

ఆ చివరి గడి దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. మొదటి గడిలో "ఉండేది కాదు" అని ఆమె చేత రాయించి, కింద సంతకం పెట్టాను. వార్సినీ. అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా. సర్కారు కాగితం మీద నేను పెట్టిన మొదటి సంతకం అది. అంతకు ముందు ఎప్పుడూ వేలిముద్రే.

హెడ్మాస్టరు మా అన్న. దర్మాజి. మా వైపు అన్నని పిలిచినట్టే చాక్ అని పిలిచేదాన్ని.

ఆ బడి మా వీధులవాళ్ళే కట్టారు. ఎనిమిది టేకు స్తంభాలు, ఎనిమిది రాళ్ళ మీద. స్తంభం కింద బుడిపె రాతి గుంటలో కూర్చునేది. గోడలు వెదురుతడికలు. సర్కారు ఒక నంబరిచ్చి ఇద్దరు పంతుళ్ళనిచ్చింది; అందులో ఒకరు మా అన్న. ఆరు తరగతుల పిల్లలు, రెండు పూటలు. నేను చిన్నవాళ్ళని చూసుకోవాలని అమ్మ నన్ను పంపలేదు. అన్న పోట్లాడి పోట్లాడి పన్నెండో ఏట నన్ను ఒకటో తరగతిలో కూర్చోబెట్టాడు. నాలుగు నెలలు కూర్చున్నాను. నా పక్కన కూర్చున్నవాళ్ళు నా నడుం దాకా వచ్చేవాళ్ళు.

అన్న పంతుళ్ళ సంఘంలో ఉండేవాడు. అరవై ఐదో సంవత్సరం చివర్లో, కమ్యూనిస్టులంటూ, ఆ సంఘంలో ఉన్నవాళ్ళందరినీ సైన్యంవాళ్ళు పట్టుకెళ్ళారు. మా వీధిలోకి లారీ పట్టపగలే వచ్చింది. అన్న బోర్డు మీద లెక్క రాస్తున్నాడు. లెక్క పూర్తి చేసి, సుద్దముక్క జేబులో వేసుకుని బయటికొచ్చాడు. నేను అప్పుడే అన్నం డబ్బా తీసుకుని బడి మూల తిరిగాను.

"ఇంటికి తీసుకెళ్ళు వార్సినీ, వచ్చి తింటాను," అన్నాడు.

అంతే.

పంతుళ్ళు లేని బడికి పిల్లలు కొన్నాళ్ళు వచ్చి మానేశారు. వానకి తడికలు పడ్డాయి. స్తంభాలు ఎవరి పొయ్యిలోకో పోయాయి. రాళ్ళు ఆడవాళ్ళు దొర్లించుకెళ్ళారు. అమ్మ ఇంట్లో ఉన్న కాగితమంతా కాల్చేసి, నా గడ్డం పట్టుకుని రెండు మాటలు చెప్పింది. "నీకు అన్న లేడు. ఇక్కడ బడి లేదు." ఆ తర్వాత పాతవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళమ్ముకుని పోయారు. కొత్తవాళ్ళు వచ్చారు. నాకు రైల్వే ఉద్యోగితో పెళ్ళయింది. మా చుట్టాల్లో అలా పట్టుకెళ్ళినవాళ్ళెవరూ లేరని ఆయన ఏటేటా ఆఫీసులో రాసివ్వాలి. అలాగే రాసిచ్చాడు, నన్ను నమ్మి. ఆయన పోయేదాకా నేను చెప్పలేదు. వియోనోకీ చెప్పలేదు. గోడ లేకపోయినా నేను మాత్రం దాని చుట్టూ తిరిగే నడుస్తున్నానని నాకే తెలీదు, ఆ అమ్మాయి అడిగేదాకా.

మర్నాడు రాతి మీద బట్టలుతుకుతుంటే నదీఫా స్కేలు పట్టుకొచ్చింది.

"ఎంబా, ఎనిమిది రాళ్ళూ కొలిచాను. గుంటలన్నీ పన్నెండు సెంటీమీటర్లే. సబ్బు కోసమైతే అంత కచ్చితంగా ఎవరు చేస్తారు?"

"పక్కకి జరుగు, నీళ్ళు పడతాయి."

"మన మసీదులో పాత స్తంభాల కింద అచ్చం ఇలాంటివే ఉన్నాయి. ఇవి ఏదో పెద్ద ఇంటివి. మీరు నిన్న మైదానంలో తిరిగారే, దాని..."

"నోర్ముయ్!"

అది బిత్తరపోయింది. నేను దాన్ని ఎప్పుడూ అంత మాట అనలేదు. స్కేలు జేబులో పెట్టుకుని లోపలికి పోయింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టమంది.

తర్వాత వారం వియోనో ఒక సంచి కొనుక్కొచ్చాడు. నీలం సంచి, రెండు జిప్పులు. నదీఫా ఆ సంచి వైపు చూడకుండా ఇంట్లో తిరిగేది. సంచి ఉన్న మూలకి రాగానే పక్కకి తప్పుకునేది. లేనిదాని చుట్టూ నేను తిరిగినట్టే, ఉన్నదాని చుట్టూ అది. అప్పుడు నిశ్చయించుకున్నాను, వెళ్ళి చెప్పేస్తానని.

ఇరవై ఆరో తారీఖున మంచి చీర కట్టుకుని బస్సు దాకా వెళ్ళాను. ఎక్కబోతుండగా తాళం గుర్తొచ్చింది. వేశానా? వేసినట్టే ఉంది. వెయ్యకపోతే? వెనక్కి వచ్చి చూశాను. వేసే ఉంది. మళ్ళీ వెళ్ళేసరికి ఎండ నెత్తికెక్కింది, కాళ్ళు పీకుతున్నాయి, రేపు వెళ్దాంలే అనుకున్నాను. అది తాళం కోసం కాదని నాకూ తెలుసు.

ఇరవై ఏడున యూనివర్సిటీ గేటు దాకా వెళ్ళాను. యూనిఫాం వేసుకున్న కుర్ర కాపలావాడు నవ్వుతూనే అడిగాడు. "కార్డు ఇవ్వండి ఎంబా, పేరు రాసుకుంటాను."

పేరెందుకు అన్నాను. ఊరికేలెండి అన్నాడు. కార్డు ఇంట్లో మర్చిపోయానని చెప్పి వచ్చేశాను. అది నా రవికలోనే ఉంది.

ఇరవై ఎనిమిది ఆదివారం. మైదానంలో గువ్వలు కూశాయి. నేను రోజంతా తలుపు వేసుకుని పడుకున్నాను.

ఇరవై తొమ్మిదిన వెళ్ళాను. కార్డు ఇచ్చాను. హప్సారి మెట్ల మీదే ఎదురొచ్చింది. కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. నేను నీళ్ళు తాగకుండానే అంతా చెప్పాను, ఊపిరి తీసుకుంటే ఆగిపోతానేమోనని. బడి, స్తంభాలు, రాళ్ళు, లారీ, అన్న. మా అన్న పేరు దర్మాజి అని బయటికి అన్నాను. ఆకాశం ఊడి పడలేదు. పక్క బల్ల దగ్గర ఎవరో కుర్రాడు బిస్కెట్టు తింటున్నాడు. తింటూనే ఉన్నాడు.

హప్సారి గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.

"నిన్నటితో మూసేశారు ఎంబా," అంది.

"ఒక్క రోజే కదమ్మా. నువ్వు చెప్తే వినరా?"

"పొద్దున్నే స్థలాలు తేల్చే ఆఫీసుకి ఫోన్ చేశాను. మీకోసమనే కాదు, నాకూ మనసొప్పక. మీ కాళ్ళు ఎలా తిరిగాయో నేను చూశాను. నమ్మాను కూడా. కానీ కాళ్ళ మాట రాయడానికి ఆ కాగితంలో గడి లేదు." సొరుగు లాగి ఒక నకలు తీసి నా ముందు పెట్టింది. "మీ స్థలం ఎందుకు తీసేశారంటే, దీన్ని చూసే."

పెద్ద ఫైలు. చివర జతపరచిన కాగితం ఒక్కటే. బడి ఉండేది కాదు. చూసిన సాక్షి చెప్పినది. వార్సినీ, డెబ్బై ఏళ్ళు. నా గుండ్రటి అక్షరాలు. కంపెనీవాళ్ళు మాట్లాడాల్సిన పనే లేకపోయింది. వాళ్ళ పని నేనే చేసిపెట్టాను.

"నింగ్, ఆ గళ్ళల్లో... ఆయన ఏమవుతారని ఎందుకు అడుగుతారు?"

"ఎందుకంటే..." ఆమె తల దించుకుంది. "పాత ఫోటోలు ఏమైనా ఉంటే అడిగి తీసుకోవచ్చని. అంతకంటే ఏం లేదు ఎంబా. ఆ గడి నేనే పెట్టాను."

తర్వాత ఆదివారం ఆమె మళ్ళీ వచ్చింది, తన మ్యాపు కోసం. ఇక దేనికీ పనికిరాకపోయినా గుర్తు పెట్టాలంది. నేను బావి నుంచి నడిచాను. ఈసారి గోడ వెంబడే వెళ్ళి, గుమ్మం ఉన్నచోట ఆగి, లోపలికి అడుగు పెట్టాను. బోర్డు ఎక్కడుండేదో చూపించాను. స్తంభాలున్న ఎనిమిది చోట్లా నదీఫా ఎనిమిది ఇటుకలు పెట్టింది. జుమైన్ బండి వదిలేసి వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి, "మా ఆవిడ హెడ్మాస్టరు బడి రాతి మీద నా లుంగీలు ఉతుకుతోందన్నమాట," అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. వాడూ నవ్వలేదు. హప్సారి మ్యాపు మీద ఎర్ర సిరాతో చిన్న చుక్క పెట్టి, పక్కన సంవత్సరాలు రాసి, కింద దర్మాజి అని రాసింది.

వియోనోకి ఆ రోజు సాయంత్రమే చెప్పాను. అరుస్తాడనుకున్నాను. వాడు బూట్లు విప్పుకుంటూ విన్నాడు.

"దీనికోసమా అమ్మా ఇన్నేళ్ళు?" అన్నాడు. "ఇప్పుడెవరు అడుగుతున్నారు ఇవన్నీ? మా గేటు దగ్గర నాతో పనిచేసేవాడి తాత కూడా అలాగే పోయాడు. వాడు టీ తాగుతూ చెప్తాడు ఆ సంగతి."

కోప్పడితే బాగుండును. నేను యాభై ఎనిమిదేళ్ళు కాపలా కాసింది ఖాళీ కొట్టుకని తెలిసింది. తాళం మాత్రం గట్టిదే.

జులై మొదటి వారంలో నదీఫా బయల్దేరింది. కుటుంబ కార్డు కొత్తది వచ్చింది; అందులో నా పేరు కింద, నదీఫా పేరున్నచోట, గీత తప్ప ఏమీ లేదు. సంచి నేనే సర్దాను. రెండు జిప్పులూ వేసి, తీసి, మళ్ళీ వేశాను. బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. వియోనో సిగరెట్టు కోసం పక్కకి వెళ్ళాడు.

"ఎంబా," అంది అది. "ఆ రోజు డబ్బాలో ఏముంది?"

"ఏ డబ్బా?"

"ఆ తాతకి తీసుకెళ్ళారు కదా."

"అన్నం. వేపిన టెంపే. మిరపకాయ నూరిన పచ్చడి."

"తర్వాత ఎవరు తిన్నారు?"

ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగనిది అదొక్కటే. హప్సారి కాగితంలోనూ ఆ గడి లేదు.

"సాయంత్రం దాకా చూశాను," అన్నాను. "ఆకలేసింది. నేనే తిన్నాను."

అది నా చెయ్యి పట్టుకుంది. బస్సు వచ్చింది. "ఆదివారాలు వస్తానుగా," అని ఎక్కింది. కిటికీలోంచి ఏదో అంటోంది, హారన్‌లో వినపడలేదు. నేను వినపడినట్టు తలూపాను.

మొదటి నెల రెండు ఆదివారాలు వచ్చింది. తర్వాత పెద్దమ్మ చిన్నపిల్లకి జ్వరమంది, తర్వాత పరీక్షలంది. చదువుకోనీ.

గిడ్డంగి గోడ వానలకి ముందే లేచింది. గువ్వల పందెం వేరే చోటికి పోయింది. ఇప్పుడు బావి దగ్గర నుంచి కాలవకి నేరుగా దారి లేదు. జుమైన్ బండి, నీళ్ళ బిందెలతో ఆడవాళ్ళు, బడికి పోయే చిన్నపిల్లలు, అందరూ మైదానం నడుమకి వచ్చి ఎడమకి తిరుగుతారు, కొంతదూరం పోయి కుడికి, మళ్ళీ కుడికి. విసుక్కుంటారు. నాకు మాత్రం కొత్తగా లేదు. పొద్దున్నే తాళం వేసి, ఒకసారి వెనక్కి వచ్చి చూసుకుని, వాళ్ళ వెనకే నడుస్తాను.